ఆఫీసుకీ ఇంటికీ మధ్య ఆ అరగంట మీరేం చేస్తారు? వైజాగ్ జనాలు చెప్పండి

రెండోబాల్కనీ:
అందరికీ నమస్తే. పెద్ద విషయమేం కాదు, పనికిమాలిన డౌటే, ఖాళీగా ఉన్నవాళ్ళు చదవండి.

2020 మార్చిలో హైదరాబాద్ నుంచి రెండు సూట్‌కేసులేసుకుని వైజాగ్ వచ్చేశా, రెండు వారాలు ఇంటినుంచే పని చేస్కోండి అన్నారు, ఆ రెండు వారాలు ఇంకా అవ్వలేదు. ఎంవీపీలో ఇల్లు, వెనక బెడ్రూమ్‌లో కిటికీ పక్కన టేబులు, అదే ఆఫీసు. కంప్లైంట్లేం లేవు, మధ్యాహ్నం వేడివేడి అన్నం, మీటింగుల్లేకపోతే ఒక కునుకు, హైదరాబాద్ అద్దె మిగిలింది.

గొడవల్లా సాయంత్రమే. ఆరున్నరకి లాప్‌టాప్ మూస్తానా, ఆ టప్ మన్న చప్పుడు వంటింట్లోకి ఎలా వినపడుద్దో గానీ వెంటనే "అయిపోయిందా, అయితే కొత్తిమీర పట్రా" అని కేక. అంటే ఆరున్నర దాకా ఉద్యోగిని, ఆరున్నరా పది సెకన్లకి మొగుణ్ణి, ఇంకో నిమిషానికి పాప హోంవర్కు. మొన్న పాపని "ఏంటి స్టేటస్, ఎంతవరకు వచ్చింది, ఏమైనా ఇష్యూస్ ఉన్నాయా" అని అడిగా, అది రెండో క్లాసు, వాళ్ళమ్మ వంక చూసి "నాన్నకి ఏమైంది" అంది. అప్పుడర్థమైంది, నేను ఇంకా మీటింగ్‌లోనే ఉన్నా.

హైదరాబాద్‌లో గచ్చిబౌలి నుంచి కూకట్‌పల్లికి ట్రాఫిక్‌ని బూతులు తిట్టుకుంటూ వచ్చేవాణ్ణి, ఇంటి సందు మొదట్లో ఒక బండి దగ్గర ఆగి రెండు మిరపకాయ బజ్జీలు తిని, పేపరుకి చేతులు తుడుచుకుని అప్పుడు ఇంటికి. ఆ బజ్జీలు గొప్పవేం కాదు. కానీ అవి తినే పది నిమిషాలు నేను ఎవరికీ సమాధానం చెప్పక్కర్లేదు. ఇప్పుడు ఆ ట్రాఫిక్ గుర్తొచ్చి బెంగగా ఉంది అంటే నవ్వుతారేమో.

అందుకే అడుగుతున్నా, మీరు డ్యూటీ దిగి ఇంట్లో అడుగుపెట్టేలోపు ఏం చేస్తారు, ఎక్కడ ఆగుతారు, ఏం తింటారు? మందు మాత్రం చెప్పొద్దు, నాకు పడదు.

ఊరకేచదువుతా:
నేను డైరెక్ట్‌గా ఇంటికెళ్ళిపోతాను. తప్పా?

సీషిఫ్ట్ బాబాయ్:
బావు, నీది సాయంత్రం గొడవ, నాది పొద్దున్న గొడవ. స్టీల్‌ప్లాంటులో ముప్ఫై ఒక్క ఏళ్ళు చేసి కిందటేడు దిగిపోయాను, బ్లాస్ట్ ఫర్నేస్ డిపార్ట్‌మెంటు. మా ఫర్నేసులకి పేర్లుంటాయి తెలుసా నీకు, గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ. నేను ఎక్కువ కాలం కృష్ణ దగ్గర ఉన్నాను. కొత్తలో ఇంటికి ఫోన్ చేసి "ఈరోజు కృష్ణకి ఒంట్లో బాలేదు, రావడానికి లేటవుద్ది" అనేవాణ్ణి, కాపరానికొచ్చి నెల కాలేదు మా ఆవిడ, ఆర్నెల్లు ఎవరీ కృష్ణ అని లోపల్లోపల కుమిలిపోయింది, చివరికి వాళ్ళన్నయ్యని పంపింది కనుక్కోమని. సరే అది వేరే కథ.

సి షిఫ్ట్ అంటే రాత్రి పదికి ఎక్కి పొద్దున్న ఆరుకి దిగడం. ఊరంతా లేచి పళ్ళు తోముకునే టైంకి మనకి సాయంత్రం అన్నమాట. తిన్నగా ఇంటికెళ్తే పిల్లల స్కూలు హడావిడి, కుక్కరు కూతలు, మనం మధ్యలో అడ్డం. అందుకని నలుగురం కూర్మన్నపాలెం దగ్గర ఆగేవాళ్ళం, అక్కడొక ముసలావిడ అంబలి పోసేది. చోడంబలి. మీ కుర్రాళ్ళు రాగి మాల్ట్ అని డబ్బాలో కొనుక్కుంటున్నారే, దాని అమ్మమ్మ. చోడిపిండి ముందురోజే నానబెట్టి పులిసాక, నూకలు ఉడికించి అందులో కలిపి, చల్లారాక మజ్జిగ పోసి ఉప్పేసి తిప్పుద్ది. పెద్ద స్టీలు గ్లాసు, అంచు దాకా. పైన ఉల్లిపాయ ముక్కలు, చేతిలో ఒక ఊరమిరపకాయ. ఆ మిరపకాయ కొస కొరికి ఒక గుక్క, మళ్ళీ కొస కొరికి ఒక గుక్క. రాత్రంతా ఫర్నేసు సెగకి పిడచకట్టిన గొంతులోకి అది దిగుతుంటే ఎక్కడెక్కడి నరాలో చల్లబడేవి.

అక్కడ మాకు ఒకటే రూలు, డ్యూటీ మాట ఎత్తకూడదు. ఎత్తినోడు నలుగురి డబ్బులూ ఇవ్వాలి. మొదట్లో రోజూ ఎవడో ఒకడు ఇచ్చేవాడు, అలవాటైపోయింది నోటికి. తర్వాత్తర్వాత క్రికెట్టు, పిల్లల పెళ్ళిళ్ళు, ఎవడింటి కొబ్బరిచెట్టు ఎన్ని కాయలు కాసింది, అవే. 2005లో మన స్టేడియంలో పాకిస్తాన్ మీద ధోనీ 148 కొట్టాడు చూడు, ఆ మర్నాడు పొద్దున్న గంటన్నర అక్కడే నిలబడిపోయాం, నలుగురం రెండేసి గ్లాసులు.

రిటైరైపోయినా ఇప్పటికీ వారానికి రెండుసార్లు బండేసుకుని అక్కడికే ఎళ్తాను. ముసలావిడ లేదు, కోడలు పోస్తోంది, మజ్జిగ కొంచెం పలచన చేసేసింది గానీ పర్లేదు. ఇంట్లో వాకింగ్ అని చెప్తాను.

కిటికీసీటు:
బాబాయ్ గారూ కృష్ణ కథ చదివి బ్యాంకులో గట్టిగా నవ్వేశా, కస్టమర్ ఆయన పాస్‌బుక్కులో ఏమైనా తప్పుందేమో అని కంగారుపడ్డాడు.

నాది బస్సండి. గాజువాకలో బ్రాంచి, ఇల్లు మద్దిలపాలెం. క్యాష్ టాలీ అయ్యి బయటపడేసరికి ఆరు, ఒక్కోరోజు పది రూపాయల తేడా కోసం వెతుక్కుంటూ ఏడు. ఎన్ఏడీ, కంచరపాలెం, తాటిచెట్లపాలెం, గురుద్వారా, సాయంత్రం రద్దీలో గంటకి తక్కువ పట్టదు. మా ఆయన స్కూటీ కొనిస్తా అని మూడేళ్ళుగా అంటున్నారు, నేనే ఏదో ఒకటి చెప్పి వాయిదా వేస్తున్నా. ఎందుకంటే ఆ గంట నాది. అందులో నన్నెవరూ "మేడం, కొంచెం చూడండి" అనరు, "అమ్మా, నా సాక్స్ ఏవి" అనరు.

కిటికీ సీటు దొరకాలి కానీ. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్ళకి ఫ్రీ అయ్యాక డబ్బులు మిగులుతున్నాయి, సీట్లు మిగలట్లేదు. కాబట్టి నిండుగా ఉన్న బస్సులు రెండు వదిలేస్తా, మూడోదానికి ఎక్కుతా. ఇంటినుంచి ఫోనొస్తే "బస్సు రాలేదండీ" అంటా, ఎదురుగా బస్సు హారన్ కొడుతుంటే కూడా. ఈ అబద్ధం తప్ప నాకు వేరే దురలవాట్లు లేవు.

గాజువాక స్టాపులో ఉప్పు బఠాణీలు ఒక పొట్లం కొంటా. ఒక్కోటి ఒక్కోటిగా తినాలి, ఎన్ఏడీ ఫ్లైఓవర్ ఎక్కేలోపు సగం దాటకూడదు, కంచరపాలెం దగ్గర పావు ఉండాలి, గురుద్వారా దగ్గర పొట్లం అడుగున ఉప్పు, విరిగిన ముక్కలు. అవే అసలు రుచి, వేలు తడిచేసి అద్దుకుని తినాలి. పక్కన కూర్చున్నామె చూస్తుంది, చూడనీ. కండక్టర్ ఇచ్చిన జీరో టికెట్టు మడిచి ఆ పొట్లంలోనే పెట్టి పారేస్తా.

రెండోబాల్కనీ గారూ, ఉత్తినే బస్సెక్కి తిరిగి రండి ఒకరోజు. నవ్వులాటకి కాదు, నిజంగానే చెప్తున్నా.

సెకండ్‌షో:
బట్టల షాపులో సేల్స్ బ్రో నేను, జగదాంబ సైడ్. పొద్దున్న పది నుంచి రాత్రి తొమ్మిదిన్నర దాకా చీరలు విప్పడం పరవడం మడతెట్టడం, ఒక్కో ఫ్యామిలీకి నలభై చీరలు విప్పితే చివరికి జాకెట్టు ముక్క కొని వెళ్తారు, వెళ్తూ "మళ్ళీ వస్తాం బాబూ" అంటారు. పండగ సీజన్లో కాళ్ళు ఎవరివో అనిపిస్తాయి.

మంగళవారం రష్ తక్కువ, షట్టర్ వెయ్యగానే సెకండ్ షోకి పోతా. ఒక్కణ్ణే. జగదాంబ జంక్షన్‌కి ఆ పేరే థియేటర్ వల్ల వచ్చింది కదా, మాకు సినిమా అంటే ఎదురింటికెళ్ళినట్టే. ఏ సినిమా అనేది ముఖ్యం కాదు, ప్లాప్ అయితే ఇంకా హ్యాపీ, హాల్లో ఇరవై మంది కూడా ఉండరు, ముందు సీటు మీద కాళ్ళు చాపినా అడిగేవాడు ఉండడు, ఏసీ, చీకటి, "ఇంకో కలర్ చూపించండి" అనేవాళ్ళు లేరు. ఇంటర్వెల్లో సమోసా తింటా, లోపల బంగాళదుంప చల్లగానే ఉంటది, అయినా తింటా.

ఒక్కటే ప్రాబ్లం, పెళ్ళి సీన్ వస్తే మైండ్ ఖరాబవుద్ది. అందరూ పాటలో హీరోయిన్ని చూస్తారు, నేను బోర్డర్ చూస్తా. పట్టా ఆర్ట్ సిల్కా, కొంగు ఎంత వచ్చింది, ఇది మన షాపులో ఏ రేటుకి పోద్ది అని లెక్క. ఒకసారి సీరియస్ సీన్‌లో హీరోయిన్ ఏడుస్తుంటే నా పక్కోడితో "ఇది ఉతికితే రంగు పోద్ది" అన్నా, వాడు లేచి వేరే సీట్లోకి పోయాడు.

సెల్లార్‌స్కూటీ:
బాగుంది. మగవాళ్ళకి అంబలి, సెకండ్ షో, మాకు మహా అయితే బస్సులో బఠాణీలు.

నేను టీచర్‌ని. స్కూలు అయ్యాక స్పెషల్ క్లాసు, తర్వాత ఒకడు అమ్మ రాలేదని ఏడుస్తుంటాడు, వాణ్ణి అప్పజెప్పి వచ్చేసరికి ఐదున్నర. ఇంట్లో అత్తగారు, ఇద్దరు పిల్లలు, డోర్ తెరవగానే ముగ్గురూ ఒకేసారి మాట్లాడతారు. నాకు అరగంట ఎక్కడిది, పది నిమిషాలు, అదీ మా అపార్ట్‌మెంట్ సెల్లార్లో.

స్కూటీ పార్క్ చేసి, స్టాండ్ వేసి, దిగను. దాని మీదే కూర్చుంటా. హెల్మెట్ తియ్యను, తీస్తే పై ఫ్లోర్ ఆంటీ గుర్తుపట్టి "ఏంటమ్మా ఈమధ్య కనపట్లేదు" అని మొదలెడతారు. హెల్మెట్ ఉంటే ఎవరో డెలివరీ అమ్మాయి అనుకుని వెళ్ళిపోతారు. వచ్చే దారిలో కొన్న ఒకే ఒక్క బజ్జీ, రెండుగా చీల్చి మధ్యలో ఉల్లిపాయ కారం పెట్టి నిమ్మకాయ పిండినది, కవర్లోంచి తీసి, అద్దం పైకెత్తి తింటా. ముక్కు మీద ఉల్లిపాయ పడుతుంది, తుడుచుకోవడానికి కుదరదు. ఇల్లంతటికీ కొనొచ్చు కదా అంటారు. కొంటా, శనివారం కొంటా అందరికీ. ఈ ఒక్కటీ మాత్రం నాదే. తర్వాత ఒక లవంగం నోట్లో వేసుకుని లిఫ్ట్ ఎక్కుతా. చిన్నది కుక్కపిల్లలా వాసన పట్టేస్తుంది, లవంగం వాసనైతే "అమ్మకి పంటి నొప్పి" అనుకుంటుంది పాపం.

వాచ్‌మెన్ వాళ్ళావిడకి మాత్రం తెలుసు. మొన్న చలిగా ఉందని తేగలు ఉడకబెట్టి ఒకటి తెచ్చి, ఏం మాట్లాడకుండా స్కూటీ డిక్కీ మీద పెట్టి వెళ్ళిపోయింది. పీచు తీసుకుంటూ తినేసరికి పదిహేను నిమిషాలు పట్టింది, ఆరోజు అత్తగారి ఫోన్ వచ్చేసింది.

రెండోబాల్కనీ:
సెల్లార్‌స్కూటీ గారూ, మీ పోస్ట్ మా ఆవిడకి చదివి వినిపించా. ఏం అనలేదు. రెండుసార్లు చదివించుకుంది. కొంచెం భయంగా ఉంది.

కానాగంత:
అన్నలకీ అక్కలకీ నమస్తే. నాది పెదజాలరిపేట, ఫుడ్ డెలివరీ చేస్తా. మాకు డ్యూటీ దిగడమంటే ఫోన్లో ఒక బటన్ ఆఫ్ చెయ్యడమే, ఇంకొక్క ఆర్డరు ఇంకొక్క ఆర్డరు అని రాత్రి పదకొండు దాటిపోద్ది. మీ అందరి బజ్జీలు, బిర్యానీలు మోసి మోసి నాకు తిండి వాసనంటేనే విసుగు. అందుకే ఆఫ్ చేశాక ఏం తినను, సబ్‌మెరైన్ ఎదురుగా గోడ మీద కూర్చుంటా. చిన్నప్పుడు అది నిజంగా నీళ్ళలోంచి దానంతటదే ఇసక మీదకి పాక్కుంటూ వచ్చింది అనుకునేవాణ్ణి, లాక్కొచ్చారని, 2002లో మ్యూజియం చేసారని స్కూల్లో చెప్తే కొంచెం బాధేసింది. ఆ టైంకి మూరీ మిక్చర్, అదే మరమరాల మిక్చర్ బండ్లవాళ్ళు సర్దుకుంటుంటారు, ఒకాయన మిగిలిన మూరీలు కుక్కలకి వేస్తాడు, అవి తినవు, రోజూ వేస్తాడు.

నాకు అసలు ఇష్టమైన టైం మాత్రం పొద్దున్నది. మా అమ్మ చేపలమ్ముద్ది, నాలుగున్నరకి నా బండి మీద ఫిషింగ్ హార్బర్‌కి దింపుతా. బోట్లు వచ్చి వేలం పాట జరుగుతుంటది, అరుపులు, కాళ్ళకింద ఐసు నీళ్ళు, అమ్మ బుట్టలో చెయ్యి పెట్టి మొప్ప ఎత్తి చూసి పెదవి విరిస్తే పాడేవాడి గొంతు సగానికి దిగిపోద్ది. ఆవిడ ఆఫీసులో ఆవిడే మేనేజర్. నేను పక్కన టీ తాగుతూ చూస్తా అంతే. నా పని కాదు కాబట్టి హాయిగా ఉంటది.

బాబాయ్, మీలాంటోళ్ళు పొద్దున్నే వచ్చి కోనాం, అదే వంజరం, ఒక్కటే అడుగుతారు, రేటు విని వెనక్కి పోతారు. నెత్తళ్ళు కొనండి. మామిడికాయ వచ్చే రోజుల్లో ముక్కలేసి దగ్గరికి వండితే కోనాం ఎందుకూ పనికిరాదు. అదీ ఏప్రిల్ 15 లోపే కొనుక్కోవాలి, అక్కణ్ణుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం, చేపలు గుడ్లు పెట్టే కాలం. ఆ రెండు నెలలూ మా అమ్మ నాలుగున్నరకే లేచి, ఏం చెయ్యాలో తెలీక ఇల్లంతా రెండోసారి తుడుస్తది.

సీషిఫ్ట్ బాబాయ్:
కానాగంతా, అమ్మని అడిగానని చెప్పు. నువ్వు చెప్పింది మా ఇంట్లో కూడా అదే. రిటైరైన కొత్తలో నేనూ ఇల్లు తుడిచాను. మా ఆవిడ చీపురు దాచేసింది.

నెత్తళ్ళు సరే, శుభ్రం చేసేది ఎవరు? వందల తలకాయలు గిల్లాలి.

కానాగంత:
గిల్లాలి బాబాయ్. రిటైర్డ్ మనిషివి, పనేముంది.

రెండోబాల్కనీ:
నాలుగు రోజులైంది, ఏం జరిగిందో చెప్తా.

కిటికీసీటు గారు చెప్పినట్టు బస్సు కాదు గానీ బండి వేసుకుని బయల్దేరా. ఆరున్నరకి లాప్‌టాప్ చప్పుడు కాకుండా మూసి, బ్యాగు కూడా తగిలించుకుని, ఖాళీ బ్యాగే, "ఇప్పుడే వస్తా" అని. లాసన్స్ బే మీదుగా తెన్నేటి పార్కు. ఈ రోజుల్లో ఆ టైంకి చీకటి పడిపోతుంది కదా, సముద్రం కనపడదు, వినపడుద్దంతే. దూరంగా హార్బర్లోకి వెళ్ళడానికి లైన్లో ఆగిన ఓడల లైట్లు మాత్రం వరసగా కనిపిస్తాయి. 2020 అక్టోబరులో వాయుగుండానికి ఒక బంగ్లాదేశ్ ఓడ కొట్టుకొచ్చి ఇక్కడే రాళ్ళలో ఇరుక్కుంది గుర్తుందా, అప్పుడు ఊరంతా చూడ్డానికి వచ్చారు, నేను మాత్రం మీటింగులో ఉన్నా, పది నిమిషాల దూరం, వెళ్ళలేదు. ఇప్పుడెళ్ళి ఓడలు లెక్కపెడుతున్నా. మొదటిరోజు పదకొండు. రెండోరోజు తొమ్మిది. మిగతా రెండు లోపలికెళ్ళాయా, నేను తప్పు లెక్కపెట్టానా తెలీదు, దాని గురించి ఎవరికీ రిపోర్టు పంపక్కర్లేదు అని గుర్తొచ్చి భలే అనిపించింది.

మొక్కజొన్న పొత్తు కాల్పించుకుని తిన్నా. బొగ్గుల మీద తిప్పుతూ విసనకర్రతో విసురుతుంటే నిప్పురవ్వలు లేచి ఆయన లుంగీ మీద పడుతున్నాయి, ఆయన దులుపుకోడు కూడా. నిమ్మచెక్కని ఉప్పూకారంలో అద్ది పొత్తు మీద రుద్దుతాడు, ఒకవైపే గట్టిగా, రెండోవైపు ఏదో అలా అలా.

మూడోరోజు దొరికిపోయా. పళ్ళ సందులో జొన్నపొట్టు. మా ఆవిడ చూసి "ఎక్కడికెళ్తున్నావు రోజూ" అంది. ఉన్నదున్నట్టు చెప్పా, ఈ పోస్టు మొదటినుంచీ చదివించా, అనుమానం వద్దని. తిడుతుందనుకున్నా. కాసేపాగి, "ఆ అరగంట ఇంకొంచెం పెంచలేవా?" అంది. అర్థం కాలేదు నాకు. అంటే ఏంటంట, 2020 మార్చి నుంచి నేను ఒక్కరోజు కూడా ఇల్లు వదల్లేదంట, నేను మీటింగులో ఉంటే మిక్సీ వెయ్యకూడదు, ఫోన్లో వాళ్ళక్కతో గట్టిగా మాట్లాడకూడదు, సీరియల్ సౌండ్ తగ్గించాలి. ఈ మూడ్రోజులూ ఆరున్నర అవ్వగానే పాపని కిందకి ఆడుకోవడానికి పంపి, సౌండ్ పెద్దగా పెట్టి, అల్లం పచ్చడి రుబ్బిందంట. కొత్తిమీర పట్రా అని కేకేసేది కూడా అందుకేనంట, బయటికి పంపడానికి. నేను సందు చివర కొట్లో కొని ఐదు నిమిషాల్లో తిరిగొచ్చేసేవాణ్ణి.

ఇవాళ బయల్దేరుతుంటే గుమ్మం దాకా వచ్చి ఏడున్నర దాటాక రమ్మంది, వచ్చేటప్పుడు పొత్తు ఒకటి పార్సిల్ కట్టించుకు రమ్మంది, కారం రెండువైపులా రాయించమంది.

సీషిఫ్ట్ బాబాయ్:
పొత్తు కవర్లో పెడితే ఆవిరికి మెత్తబడి చెడిపోద్ది బావు. దాని ఆకులోనే చుట్టి ఇమ్మను, బేగి పట్టుకెళ్ళు.

రెండోబాల్కనీ:
బేగి వెళ్తే మళ్ళీ తిట్లు బాబాయ్, ఏడున్నర దాటాలంట.